కొత్తింటి దూలం

తెగ్వెన్ కాపురానికి వచ్చిన ఇంటిని అందరూ కొత్తిల్లు అనేవారు. ఆ కొత్తిల్లు కట్టి అప్పటికే నాలుగు వందల ఏళ్ళకు దగ్గర పడింది. దాని పక్కనే, మూలకు మూల ఆనించి, పాతిల్లు. జడివానకు ముఖాలు తిప్పుకుని, వెనకలు ఆనించుకుని నిలబడ్డ రెండు ఆవుల్లా ఉంటాయి ఆ రెండూ. గోడల మూలలు కలిసే ఉన్నాయి గాని ఇటు నుంచి అటు వెళ్ళడానికి ద్వారం లేదు. ఏనాటివాళ్ళో ఇద్దరు అన్నదమ్ములు, వేరు కాపురమైనా ముంగిలి ఒకటే ఉండాలనుకుని కట్టుకున్నారట. ఒకరి పొగ ఒకరికి కనబడాలి, ఒకరి మాట ఒకరికి వినబడకూడదు అనుకున్నారేమో, గోడలు మూడడుగుల మందం పెట్టారు. మాటలు వినబడవు నిజమే. నవ్వులు మాత్రం ఎలాగో వినబడతాయి. తెగ్వెన్ నలభై ఏళ్ళు విన్నది ఆ నవ్వుల్నే.

ఆమె పుట్టింది కొండకు అవతల, పలకరాతి గని ఊళ్ళో. 1938లో. ఇళ్ళన్నీ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడే వరస వీధి. నాన్న గనిలో రాయిని ఉలితో పలుచగా చీల్చే పనివాడు. సాయంత్రం ఇంటికి వస్తే ఆయన కనుబొమల మీద కూడా బూడిదరంగు వెన్నెల పేరుకుని ఉండేది. అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకే గది, ఒకే చిన్న కిటికీ. కిటికీ పక్క మంచం అక్కది. పొద్దున వెలుతురు ముందు అక్క జుట్టు మీద పడి, అక్క దుప్పటి మీద కాసేపు ఆడుకుని, ఆ తరువాతే తెగ్వెన్ దగ్గరికి వచ్చేది. మిగిలిన వెలుతురు తనకు ఇస్తున్నారని ఆ పిల్ల అప్పుడే అనుకుంది. ఆ ఆలోచన ఆమెలో ఒక మూల కూర్చుంది, ఎప్పటికీ లేవలేదు.

1961లో చాపెల్‌లో, అంటే ఊరి ప్రార్థన మందిరంలో, జరిగిన పాటల పండగలో ఇద్వాల్‌ను చూసింది. పెద్దగా మాట్లాడని మనిషి, గొంతు మాత్రం బావిలోంచి వచ్చినట్టు ఉండేది. ఆ రెండిళ్ళూ ఉన్న హెండ్రె వెన్ అనే గొర్రెల పొలానికి పెద్దకొడుకు. పెద్దకొడుకు పెళ్ళాం అంటే పాతింట్లో దిగుతానని తెగ్వెన్ అనుకోవడంలో తప్పేమీ లేదు. కాని తమ్ముడు హెవిన్ తొందరపడి రెండేళ్ళ ముందే పెళ్ళి చేసుకున్నాడు. అతని భార్య మాబ్లి అప్పటికే పాతింట్లో అత్త కెటూరా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ముందు వచ్చిన కోడలిని లేపి పంపడం తనవల్ల కాదని కెటూరా తేల్చి చెప్పింది. పెళ్ళిపెట్టె నెత్తిన పెట్టుకుని ఇద్వాల్ కొత్తింటి గడప దాటాడు. వెనకాల తెగ్వెన్. ముంగిలికి అవతల పాతింటి గుమ్మంలో మాబ్లి చేతులు పిండితో తెల్లగా, నవ్వుతూ నిలబడింది.

మాబ్లిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. అదే తెగ్వెన్‌కు ఎక్కువ కష్టమైంది. మాబ్లి పాలు విరిగితే నవ్వుతుంది, రొట్టె మాడితే నవ్వుతుంది, ఇల్లు ఊడవకుండా మూడు రోజులు ఉండగలదు. అంత బద్ధకంగా ఉన్న మనిషికి అంత మంచి ఇల్లు ఎందుకు ఇచ్చాడో దేవుడిని అడగాలని తెగ్వెన్‌కు చాపెల్లో చాలాసార్లు అనిపించింది.

పాతింటి పొయ్యి గోడలోకి చిన్న గదిలా కట్టినది, దాని లోపల నలుగురు కూర్చోవచ్చు. తల ఎత్తితే పొగగొట్టం చివర నాణెమంత ఆకాశం. పొయ్యి పక్కనుంచే రాతి మెట్లు శంఖంలా చుట్టుకుంటూ పైకి పోతాయి. పొయ్యి ముందు నేల మీద పరిచిన పలకరాళ్ళు పాదాలకు అరిగి గిన్నెల్లా గుంటలు పడ్డాయి. వీటన్నిటి మీదా, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, ఒకే ఓక్ చెట్టు మాను. పొయ్యి నోటి మీద అది పెద్దాయన కనుబొమలా వంగి ఉంటుంది. దాని మీద ఎవరో చెడుచూపు రాకుండా గీసిన పువ్వు గుర్తులు, పురుగు తిన్న అంచులు, ఎండిన బెరడు తునకలు. కొత్తింట్లోనూ ఇవన్నీ ఉన్నాయి, కాని ఒక్కొక్కటీ కాస్త తక్కువ. మాబ్లి సంతకు వెళ్ళిన ఒక రోజు తెగ్వెన్ అల్లిక ఉన్నిదారంతో రెండు పొయ్యిలూ కొలిచింది. తనది జానెడు తక్కువ. ఆ దారాన్ని ముడి వేసి ఏళ్ళ తరబడి అల్లిక బుట్ట అడుగున దాచుకుంది.

అయినా ఆమె అసలు బాధ జానెడు గురించి కాదు. జూన్ రెండో గురువారం గురించి.

ఆ రోజు హెండ్రె వెన్‌లో గొర్రెల బొచ్చు కత్తిరిస్తారు. కొండ మీద ఒక్కో పొలానికి ఒక్కో రోజు, అది తాతలనాటి నుంచి మారలేదు. ఆ రోజు చుట్టుపక్కల పొలాలవాళ్ళంతా కత్తెరలతో వస్తారు, ఎవరూ కూలి అడగరు, అందరికీ భోజనం మాత్రం పెట్టాలి. భోజనం ఎక్కడ అన్నది అత్త కెటూరా నిర్ణయించినది, ఆమెకు ఆమె అత్త చెప్పినది. మొదటి పొయ్యి ఏ ఇంట్లో వెలిగిందో కత్తిరింపువాళ్ళు ఆ ఇంట్లోనే తినాలి. అంటే పాతిల్లు. తెగ్వెన్ తెల్లవారక ముందే లేచి మాంసం వండేది. పొయ్యిలో మెల్లగా ఉడికి పైన మీగడ ఎర్రగా కట్టే బియ్యం పాయసం ఆమె చేసినట్టు ఆ లోయలో ఎవరూ చేసేవారు కాదు. చేసి, రెండు చేతులతో పట్టుకుని, ముంగిలి దాటి మాబ్లి బల్ల మీద పెట్టేది. ఇరవై మంది మగవాళ్ళు తిని, మూతులు తుడుచుకుని, లేస్తూ లేస్తూ అనేవారు.

"మాబ్లీ, బ్రహ్మాండంగా ఉంది."

పాయసం తెగ్వెన్ చేసిందని మాబ్లి ప్రతిసారీ చెప్పేది. చెప్పకపోయినా బాగుండేది. చెప్పడం వల్ల అది దయలా ఉండేది.

1967 ఫిబ్రవరిలో, పొలంలో పని పలుచబడిన రోజుల్లో, తెగ్వెన్ తన ఇంటి దూలాల పని పట్టింది. కొత్తింటి పైకప్పు చెక్క అంతా ముత్తాత కాలంలో ఒకసారి మార్చేశారు. మొదటినాటి ఓక్ మిగిలింది రెండే రెండు దూలాల్లో, పొయ్యి మీదిదీ, గది నడిమిదీ. పురుగు తిన్న అంచులు పొడిపొడిగా రాలుతుంటే ఆమెకు సిగ్గుగా ఉండేది. మాబ్లి దూలమూ అలాగే రాలుతుంది, కాని దాన్ని చూసి జనం పాతదనం అంటారు, దీన్ని చూస్తే మురికి అంటారు అని ఆమె లెక్క. కొట్టంలో నుంచి బాడిస తెచ్చుకుంది. ఇద్వాల్ రెండు సార్లు వద్దన్నాడు, మూడోసారి నిచ్చెన పట్టుకున్నాడు. మెత్తబడ్డ చెక్కనంతా చెక్కింది, గట్టి చెక్క తగిలేదాకా చెక్కింది. తీగబ్రష్షుతో రుద్దింది. అవిసె నూనె పట్టించింది, నల్లరంగు వేసింది. మూడు వారాలు. మణికట్లు వాచి చెంబు కూడా ఎత్తలేకపోయింది. ముంగిట్లో బుట్టలకొద్దీ పేళ్ళు పోగుపడితే మాబ్లి వచ్చి రెండు బుట్టలు పొయ్యిలోకి పట్టుకుపోయింది, బాగా అంటుకుంటాయని మెచ్చుకుంటూ.

అత్త కెటూరా కర్ర ఊతంతో చూడటానికి వచ్చింది. చాలాసేపు తల ఎత్తి చూసింది.

"శవపేటిక మూతలా మెరుస్తోంది," అని వెళ్ళిపోయింది.

ఆ మాట తెగ్వెన్ మింగింది. దూలం మాత్రం ప్రతి శనివారం తుడుస్తూనే ఉంది. గదిలో దీపం పెడితే దూలం కడుపులో రెండో దీపం వెలిగేది. అది చూసుకుని ఆమె కాసేపు పాతింటిని మరిచిపోయేది.

ఇద్దరికీ పిల్లలు పుట్టారు, పెరిగారు, పెళ్ళిళ్ళయ్యాయి. మాబ్లికి ముగ్గురు, తెగ్వెన్‌కు ఇద్దరు. కెటూరా పోయింది. ఆ తరువాత ఒక వేసవిలో రాతి గోడలు బాగుచేసే మెయ్రియన్ అనే ముసలాయన వచ్చి, రెండు ఇళ్ళూ కలిసే మూల దగ్గర కూలిన రాళ్ళు సర్దుతూ ఒక మాట అన్నాడు. రాయి మీద రాయి ఎలా కూర్చుందో చూస్తే పాతిల్లే కొత్తింటి మీద ఆనుకున్నట్టు ఉందని, ముందు నిలబడింది ఏదో తనకైతే అనుమానంగా ఉందని. అది ఆయన తెగ్వెన్ ఇచ్చిన టీ తాగుతూ, ఆమె చేసిన ఎండుద్రాక్ష రొట్టె రెండో ముక్క అందుకుంటూ అన్న మాట. ఆ మూలను అంతకుముందు ఎన్నిసార్లు విప్పి కట్టారో ఎవరికీ తెలియదని కూడా అన్నాడు. తెగ్వెన్ ఆ రెండో మాట వినిపించుకోలేదు.

ఆ రోజు నుంచి ఆమె అసూయకు ఒక ఆశ తోడైంది. ఆశ తోడైన అసూయ ఇంకా ఘోరమైనది. ముందు తనకు దక్కలేదని బాధ, ఇప్పుడు తనది ఎవరో తింటున్నారని బాధ. మొదటి పొయ్యి నాదే అయితే, అనుకునేది పాయసం మోసుకుంటూ ముంగిలి దాటుతున్నప్పుడు, ఈ ఇరవై మందీ నా బల్ల దగ్గర కూర్చోవాలి. మాబ్లి భర్త హెవిన్ గుండె ఆగి పోయినప్పుడు చాపెల్ బయట రోడ్డు పొడుగునా ఆగిన కార్లు ఎన్నో ఆమె లెక్కపెట్టింది. యాభై మూడు. ఇద్వాల్‌కు ఇన్ని వస్తాయా అని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే తన మీద తనకే ఏవగింపు కలిగి, మాబ్లి చేతిని గట్టిగా పట్టుకుంది. మాబ్లి ఆమె భుజం మీద తల వాల్చి ఏడ్చింది. ఏడుపు కూడా మాబ్లికి అందంగానే వస్తుంది.

2003 శరదృతువులో నెరిస్ అనే అమ్మాయి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి, జుట్టు నిండా చెక్కపొడి, చేతిలో సన్నటి బోలు డ్రిల్లు. పాత ఇళ్ళ వయసు కనిపెట్టే బృందం తరఫున లోయలో ఇంటింటికీ తిరుగుతోంది. చెట్టు ఏడాదికొక వలయం వేసుకుంటుందని, దూలం లోంచి పెన్సిలంత కడ్డీ తీసి ఆ వలయాలు చదివితే చెట్టు కొట్టిన సంవత్సరం తెలుస్తుందని చెప్పింది. రెండిళ్ళ ఆడవాళ్ళ ఇంటిపేరూ ప్రిచార్డే కనుక ఆమె కాగితం మీద ఒకరిని పాతింటి మిసెస్ ప్రిచార్డ్ అని, ఇంకొకరిని కొత్తింటి మిసెస్ ప్రిచార్డ్ అని రాసుకుంది. తెగ్వెన్ కళ్ళజోడు పెట్టుకుని మరీ అది చదివింది.

నెరిస్ రెండిళ్ళ దూలాల్లోంచీ కడ్డీలు తీసుకుని వెళ్ళింది, చలికాలమంతా తెగ్వెన్ ఫలితం కోసం ఎదురుచూసింది. నిద్ర పట్టేది కాదు, పడితే కలలో వలయాలు. తన మెరిసే దూలం నోరు తెరిచి సంవత్సరం చెబుతుందని, ఆ సంవత్సరం పాతింటి కంటే ముందుదై ఉంటుందని ఆమెకు అనుమానమే లేదు. జూన్ గురువారానికి కొత్త బల్లగుడ్డ కుట్టడం కూడా మొదలుపెట్టింది. ఎవరూ చూడకుండా, పడకగదిలో.

మార్చిలో నెరిస్ తిరిగి వచ్చింది. కొత్తింట్లోనే కూర్చున్నారు అందరూ, తెగ్వెన్ పట్టుబట్టి పిలిచింది. ఇద్వాల్ పొయ్యి పక్కన, మాబ్లి కిటికీ దగ్గర. నెరిస్ ముందు పాతింటి సంగతి చెప్పింది. పొయ్యి దూలానికి బెరడు దాకా చెక్క చెక్కుచెదరకుండా ఉందట, అందువల్ల చివరి వలయం కూడా దొరికిందట. ఆ చెట్టును 1588 చలికాలంలో కొట్టారు.

"శుభ్రం చెయ్యకపోవడం ఇన్నాళ్ళకు పనికొచ్చింది," అని మాబ్లి నవ్వింది.

తరువాత నెరిస్ తల ఎత్తి కొత్తింటి దూలాన్ని చూసింది. ఆ నల్లటి మెరుపును చూస్తూ మాట్లాడటం ఆమెకు కష్టంగా ఉన్నట్టుంది.

చెట్టు ఆఖరి ఏళ్ళన్నీ బెరడు కింద ఉండే మెత్తటి, లేత చెక్కలో ఉంటాయట. ఆ చెక్క ఇక్కడ లేదు. రెండు దూలాల్లోనూ ఎవరో శుభ్రంగా చెక్కేశారు. మిగిలిన చివరి వలయం 1561 నాటిది. ఆ తరువాత చెట్టు ఎన్నాళ్ళు బతికిందో చెక్కకు తెలుసు, ఆ చెక్క ఇప్పుడు లేదు.

తెగ్వెన్ చేతులు ఒళ్ళో ఉన్నాయి. అవి తనవి కానట్టు వాటి వంక చూసింది. ఏళ్ళ తరబడి మాబ్లి ఇంటి కంటే మెరవాలని, ఆ చేతులే తన ఇంటి నోట్లోంచి మాట చెక్కేశాయి. పొయ్యిలో మండి, పొగై, నాణెమంత ఆకాశంలోంచి పోయాయి ఆ సంవత్సరాలన్నీ. అందులో రెండు బుట్టలు మాబ్లి పొయ్యిలోనే మండాయి.

"చెక్కింది మీరేనా?" నెరిస్ మెల్లగా అడిగింది. "ఎంత మందం తీశారో గుర్తుందా? ఇది రుజువు కిందికి రాదు, కాని ఇంటావిడ ఇలా చెప్పారని కింద ఒక మాట రాస్తాను. అర వేలి మందమైతే పదేళ్ళు అనుకోవచ్చు. అప్పుడు ఈ ఇల్లే ముందు, పదిహేడేళ్ళు ముందు. రెండు వేళ్ళయితే మాత్రం ముప్ఫై అయిదేళ్ళు. అప్పుడు ఆ ఇల్లు ముందు, ఎనిమిదేళ్ళు."

ఇద్వాల్ భార్య వైపు చూడలేదు, పొయ్యి వైపు చూశాడు. అర వేలు అంటే చాలు. రెండు మాటలు. ఆనాటి చెక్కపొడి సాక్ష్యానికి రాదు. తెగ్వెన్ నోరు తెరిచింది, నాలుక మీద ఆ రెండు మాటలు సిద్ధంగా ఉన్నాయి, ముందే కత్తిరించి పెట్టుకున్న బల్లగుడ్డలాగా.

మాబ్లి ముందుగా మాట్లాడింది.

"అర వేలు కూడా ఉండదమ్మా," అంది నెరిస్‌తో, కిటికీ దగ్గర నుంచే. "నేను చూశానుగా. ఏదో పైపైన గీకింది అంతే. అర వేలు రాసుకో."

ఆమె నవ్వలేదు. ఏ సంవత్సరం రాస్తే ఏమవుతుందో తెలిసే అన్నదని, తన ఇంటి పెద్దరికాన్ని గిన్నెలో పెట్టి ముంగిలి దాటించి తెచ్చి ఇస్తోందని తెగ్వెన్‌కు అర్థమైంది. ఎంత సులువుగా ఇస్తోంది. పేళ్ళ బుట్టలు పట్టుకుపోయినంత సులువుగా. జీవితమంతా తను కుళ్ళుకున్న వస్తువు మాబ్లికి ఇంత తేలికైనదా? పైగా పైపైన గీకిందట. వాచిన మణికట్లు, మూడు వారాలు, నిచ్చెన మీద వణికిన మోకాళ్ళు, అంతా పైపైన గీకడమేనట.

"పైపైన గీకానా?" అంది తెగ్వెన్. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "రెండు వేళ్ళు. ఇదిగో, ఇంత." చూపుడువేలు, మధ్యవేలు జోడించి పైకెత్తింది. "కొన్ని చోట్ల రెండూ దాటి. బాడిసకు రెండుసార్లు సాన పట్టించాం. ఇద్వాల్‌ను అడుగు, మాబ్లీ. నువ్వు పేళ్ళు పట్టుకుపోవడానికి వచ్చావు గాని, చెక్కేటప్పుడు ఉన్నావా?"

"లేను," అంది మాబ్లి.

నెరిస్ కలం కాగితం మీద ఆగింది. ఇద్వాల్ వైపు చూసింది. ఆయన తల ఊపాడు. రెండు వేళ్ళు. కలం కదిలింది. 1596 ప్రాంతం అని రాసింది. తెగ్వెన్ ఇంకా వేళ్ళు దించలేదు, ఎవరో వాటిని సరిగ్గా కొలవాలన్నట్టు.

నెరిస్ కారు వాలు దిగి వెళ్ళాక ఇద్దరు తోడికోడళ్ళూ ముంగిట్లో నిలబడ్డారు. సన్నటి వాన మొదలైంది. పైకప్పుల పలకరాళ్ళు తడిసి నీలంగా మారుతున్నాయి, రెండు కప్పులూ ఒకేసారి, ముందు వెనకలు లేకుండా.

"ఇస్తే తీసుకోవచ్చుగా, తెగ్వెన్," అంది మాబ్లి. "నాకు వంట చెయ్యడమే ఇష్టం లేదు. ఇరవై మంది బూట్ల బురద తుడవలేక చస్తున్నాను."

"నువ్వు ఇస్తే నాకు అక్కర్లేదు."

"మరి ఎవరిస్తే తీసుకుంటావు?"

వాన ఎక్కువైందని అంది తెగ్వెన్. ఎవరింట్లోకి వాళ్ళు వెళ్ళారు.

ఆ జూన్ గురువారం ఆమె ఎప్పటిలాగే లేచింది. మాంసం వండింది, పాయసం చేసింది, రెండు చేతులతో పట్టుకుని ముంగిలి దాటింది. కుడుతున్న బల్లగుడ్డ సొరుగులో ఉండిపోయింది, పూర్తి కాలేదు, తరువాత కూడా కాలేదు. పాతింటి బల్ల చుట్టూ ఉన్ని జిడ్డు వాసన, నవ్వులు. పక్క పొలం రైతు గ్వాఖ్మై, నోటి నిండా బంగాళాదుంపతో, ఆ డ్రిల్లు అమ్మాయి చివరికి ఏం తేల్చిందని అడిగాడు. మాబ్లి చెప్పడానికి గరిటె దించింది.

"ఇదే పాతది," అంది తెగ్వెన్, ఆమె నోరు తెరవక ముందే. "ఎనిమిదేళ్ళు. 1588 ఇది, నాది 1596."

అంత కచ్చితంగా ఎలా తెలిసిందని అతను అడిగాడు.

"దీని సంగతి చెక్క చెప్పింది. దాని సంగతి నేను చెప్పాను."

ఆ తరువాత ఇళ్ళు చూడటానికి ఎవరు వచ్చినా, చరిత్ర సంఘంవాళ్ళు గాని, సెలవులకు వచ్చిన చుట్టాలు గాని, ఆ రెండు సంవత్సరాలూ తెగ్వెన్ ఒక్కతే చెప్పేది. అతిథులతో పాతింటి గుమ్మం దాకా తనే నడిచేది, మాబ్లి పొయ్యిని, మాబ్లి మెట్లను, మాబ్లి దూలం మీది బెరడును తనే వేలితో చూపించేది. మాబ్లి ఒకసారి మాట కలపబోతే, నీకు సరిగ్గా గుర్తుండదులే అంది. మాబ్లి నవ్వి లోపలికి వెళ్ళింది. ఆ నవ్వు మూడడుగుల గోడ దాటి వినబడేదాకా ఆగి, తెగ్వెన్ వచ్చినవాళ్ళకు మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.